సింథటిక్ విగ్గు, పొయ్యి సెగ: వాడాక నా అనుభవం

కీమోలో జుట్టు పోయినవాళ్లకు విగ్గు గురించి చెప్పేవాళ్లు బాగానే దొరుకుతారు. రంగు ఎలా చూసుకోవాలి, తల కొలత ఎలా తీసుకోవాలి, ముందువైపు లేస్ ఉండాలా వద్దా, ఇవన్నీ ఎవరినడిగినా చెప్తారు. వంటింట్లో దాని గతేమవుతుందో మాత్రం నాకు ఒక్కరూ చెప్పలేదు. అమ్మిన షాపు వాళ్లు కూడా చెప్పలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

నాది రొమ్ము క్యాన్సర్. మొదట ఎర్రగా ఉండే కీమో మందు ఎక్కించారు. మూడో వారానికి దిండు మీద, దువ్వెనలో, బాత్రూం జాలీలో ఎక్కడ చూసినా జుట్టే. వేగంగా పెరిగే కణాలను మందు దెబ్బతీస్తుంది, జుట్టు కుదుళ్లూ అలాంటివే కాబట్టి రాలక తప్పదని డాక్టరమ్మ ముందే చెప్పారు. మిగిలిన జుట్టును ట్రిమ్మర్‌తో తీయించుకున్నాను. రేజర్ వద్దన్నారు. తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు చిన్న గాటు పడినా ఇన్‌ఫెక్షన్ టెన్షన్.

విగ్గు పెట్టుకుని మొదట పోయింది మా పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగుకు. టీచరు లెక్కల మార్కుల గురించే మాట్లాడింది, ఇంట్లో చదివించమని నన్ను కాస్త గట్టిగానే అడిగింది. ఎన్నో నెలల తర్వాత నన్ను జబ్బు మనిషిగా కాకుండా పాప వాళ్లమ్మగా చూసినవాళ్లు ఆమే. ఇంటికొచ్చి ఏడ్చేశాను, సంతోషంతోనే. కీమో వార్డులో పక్క మంచాల వాళ్లకు కూడా కొనుక్కోండి, ఎవరూ గుర్తుపట్టరు, బరువే ఉండదు అని చెప్పాను.

తర్వాత ఒక ఆదివారం మా వదిన వాళ్లు ప్రొద్దుటూరు నుంచి కడపకు వస్తామన్నారు. మందు ఎక్కిన రెండు వారాలకు నాకు కాస్త ఓపిక వచ్చేది, నోటికి రుచి తెలిసేది. రాగి సంగటి, నాటుకోడి పులుసు నేనే చేస్తానని పట్టుబట్టాను. వాళ్లు ఎప్పుడు దిగుతారో తెలియదు కదా, పొద్దున్నే విగ్గు పెట్టుకున్నాను. సంగటి కెలకాలంటే గిన్నె మీదికి వంగాల్సిందే. మూత తీసి, పిండి ఉండ కట్టకుండా కట్టెతో గట్టిగా తిప్పుతుంటే ఆవిరి మొహానికి కొట్టింది. రోజూ కొట్టే ఆవిరే. మొహం కడుక్కుని అద్దంలో చూసుకుంటే, నుదుటి మీద పడే వెంట్రుకల చివర్లన్నీ ముడుచుకుపోయి కొబ్బరి పీచులా బిరుసెక్కి ఉన్నాయి. దువ్వెన దిగలేదు. చన్నీళ్లలో షాంపూ వేసి ఉతికి ఆరబెట్టినా అంతే. ఆ పూట చీర కొంగు తల మీద కప్పుకునే వడ్డించాను. మా వదిన ఏమీ అడగలేదు, నాకు మాత్రం అన్నం సయించలేదు.

షాపుకు ఫోన్ చేస్తే, "వంట దగ్గర పెట్టుకున్నారా మేడం? దానికి గ్యారంటీ రాదు" అన్నాడు. నన్ను కూర్చోబెట్టి అద్దం చూపించి అమ్మిన మనిషే. డబ్బులు తీసుకునే ముందు ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

సింథటిక్ వెంట్రుక ఒక రకం ప్లాస్టిక్ దారం. దాని వంపును ఫ్యాక్టరీలో వేడితోనే కుదురుస్తారు, మళ్లీ వేడి తగిలితే ఆ వంపు చెడిపోతుంది. సంగటి ఆవిరైనా, ఓవెన్ తలుపు తీస్తే వచ్చే సెగైనా, హెయిర్ డ్రయ్యరైనా ఒకటే. వేడి కొంత తట్టుకునే ఫైబర్ రకం కూడా ఉంది, ధర ఎక్కువ. అసలు జుట్టుతో చేసిన విగ్గుకు ఈ బాధ ఇంతగా ఉండదు. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలను టీటీడీ వేలం వేస్తుంది. అలాంటి జుట్టుతో చేసే విగ్గుల ధర స్కానింగులు, ప్రయాణాల ఖర్చు మధ్య మా ఇంటికి అందలేదు. పాడైన చివర్లను మా వీధి పార్లర్ అమ్మాయి ఓపిగ్గా కత్తిరించి, ముందు జుట్టును ఏటవాలుగా సర్దింది. మిగతా కాలమంతా దాంతోనే నెట్టుకొచ్చాను.

వార్డులో చెప్పిన మాటలు కూడా కొంచెం సవరించాలి. బరువు లేదన్నది చలికాలం వరకు నిజం. కడపలో ఎండ 40 డిగ్రీలు దాటాక లోపలి వల చెమటకు తడిసి నెత్తికి అతుక్కునేది, కీమోతో మెత్తబడిన చర్మం ఒకటే దురద. లోపల పల్చటి కాటన్ టోపీ వేస్తే దురద తగ్గింది కానీ విగ్గు జారడం మొదలైంది. ఎవరూ గుర్తుపట్టరన్నది కొత్తవాళ్ల విషయంలో సరే. మందు మారాక కనుబొమలు, రెప్పల వెంట్రుకలు కూడా పోయాయి, అప్పుడు ఎదురింటి అక్క చూడగానే కనుక్కుంది.

వేసవిలో ఇంట్లో నన్ను ఆదుకుంది మా అమ్మ పాత నూలు చీర చించి కుట్టిచ్చిన తలగుడ్డలు. కీమో అయిపోయి కురచగా జుట్టు మొలిచాక అవీ మానేశాను. మార్కెట్లో కూరగాయల అవ్వ "తిరపతికి పోయొచ్చినావా మ్మా?" అంది. ఔనవ్వా అన్నాను. ఇక్కడ గుండు చూస్తే జనానికి ముందు గుర్తొచ్చేది మొక్కే, అది నాకు పెద్ద ఊరట.

జుట్టు రాలకుండా తలను చల్లబరిచే టోపీ గురించి కొందరు అడిగారు. రొమ్ము క్యాన్సర్ వాళ్ల కోసం అలాంటి యంత్రానికి అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. నేను వైద్యం చేయించుకున్న చోట అది లేదు, కాబట్టి దాని గురించి నేను చెప్పగలిగింది లేదు.

మళ్లీ కొనాల్సి వస్తే కొంటానా? రెండు పూటలా పొయ్యి దగ్గర నిలబడేదాన్ని, కీమో సగం ఎండాకాలంలో పడింది. నాలాంటివాళ్లకైతే మెత్తటి తలగుడ్డలు నాలుగు ముందు, విగ్గు ఆ తర్వాత, అదీ బయటికి పోయేటప్పుడు మాత్రమే. ఏసీ ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో వంట చేసేవాళ్లు ఉంటే ఇదే విగ్గు హాయిగా నడుస్తుందేమో. స్కూలు మీటింగు రోజు గుర్తొస్తే పెట్టిన డబ్బు దండగ అనడానికి నాకు నోరు రాదు. కొనేవాళ్లు జుట్టు రాలకముందే పోండి, మీ రంగు చూసి ఇస్తారు. మామూలు ఫైబరా, వేడి తట్టుకునేదా అని అడిగి, చెప్పింది బిల్లు మీదే రాయించుకోండి.