ఓట్స్ కుకీలకు బాదం పిండా, గోధుమ పిండా?

ఓట్స్ కుకీ మెత్తగా ఉంటేనే మా పిల్లలు తింటారు. అందుకే రెండు పిండులతోనూ చేసి చూశాను.

గోధుమ పిండితో పని తేలిక. గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ ఉంటుంది కాబట్టి ముద్ద బాగా పట్టుకుంటుంది, కుకీ విరగదు. కాకపోతే మర్నాటికి గట్టిపడుతుంది.

బాదం పిండిలో గ్లూటెన్ లేదు, నూనె ఎక్కువ. ఆ నూనె వల్లే కుకీ రెండు మూడు రోజులైనా మెత్తగా ఉంటుంది. ముద్ద విడిపోకుండా ఉండడానికి మాత్రం గుడ్డు వేయాలి. నేను విజయవాడ వన్‌టౌన్‌లో బాదం కొని మిక్సీలో పిండి పట్టుకుంటాను. ఆపి ఆపి తిప్పాలి, లేకపోతే నూనె వదిలి ముద్దయిపోతుంది. మన విజయవాడలో మే నెలలో వెన్న గిన్నెలోనే కరిగిపోతుంది కదా, కలిపిన ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టాకే ఉండలు చేయండి. బాదం పిండి త్వరగా ఎర్రబడుతుంది. 170 డిగ్రీల దగ్గర 10–12 నిమిషాలు చాలు. నడుమ ఇంకా మెత్తగా ఉండగానే ఓవెన్‌లోంచి తీసి, ట్రేలోనే 10 నిమిషాలు వదిలేయాలి. తొందరపడి ఎత్తితే విరిగిపోతుంది.

ఖర్చు బాదానికే, అదీ చాలా ఎక్కువ. రోజూ పిల్లల డబ్బాలోకి గోధుమవి, చుట్టాలొస్తే బాదంవి చేస్తాను. గ్లూటెన్ పడనివాళ్ళకైతే బాదం పిండే, ఓట్స్ కూడా గ్లూటెన్ లేదని ప్యాకెట్ మీద రాసినవే వాడాలి.