రికార్డ్ 05 చిత్రిక: ఏళ్లు వాడాక, కొన్ని అమ్మాక

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో తుక్కు ఇనుము కుప్పలోంచి ఏరుకున్న రికార్డ్ 05 చిత్రికతో (రికార్డ్ అనేది బ్రాండు, 05 నమూనా నంబరు; చిత్రిక అంటే చెక్కను నున్నగా దిగదీసే పనిముట్టు) కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. అది ఇచ్చిన ధైర్యంతోనే ఇంకొన్ని పాత చిత్రికలు, ఉలులు, రంపాలు కొని బాగుచేశాను. కొన్ని ఉంచుకున్నాను, మిగతావి అమ్మేశాను. పాతది కొనాలా, కొత్తది కొనాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే: వాడుకోవడానికైతే పాతది కొనండి. కొని అమ్మి డబ్బు చేసుకుందామనుకుంటే మాత్రం ముందు మీ ఆదివారాల ఖరీదెంతో లెక్కేసుకోండి.

05 అంటే జాక్ ప్లేన్, గరుకు చెక్కను మొదట దించి మట్టం చేసే మధ్య రకం చిత్రిక. పొడవు 14 అంగుళాలు, బ్లేడు వెడల్పు 2 అంగుళాలు, బరువు రెండు కిలోల పైనే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో సి అండ్ జె హాంప్టన్ అనే కంపెనీ 1930ల మొదట్లో ఈ రికార్డ్ చిత్రికలు తెచ్చింది. నమూనా అమెరికాది. వెనకున్న చిన్న ఇత్తడి చక్రం తిప్పితే బ్లేడు కిందికీ పైకీ జరిగే ఏర్పాటు లెనార్డ్ బెయిలీ చేశాడు. ఆయన పేటెంట్లను స్టాన్లీ కంపెనీ 1869లో కొనేసింది. గడువు తీరాక అందరూ అదే పట్టుకున్నారు. స్టాన్లీ 5 ముందు సున్నా పెడితే రికార్డ్ 05, అంతే! చెక్క చిత్రికలో చీల కొట్టి, తట్టి, మళ్లీ చూసి, మళ్లీ తట్టి బ్లేడు కుదుర్చుకున్నవాళ్లకు ఈ చక్రం విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటివి తుక్కులోకి ఎందుకొస్తున్నాయంటే, ఇప్పుడు ఇంటీరియర్ పనంతా ప్లైవుడ్, లామినేట్. తలుపు అంచు దిగదీయాలన్నా కరెంటు రందాయే (మోటారుతో నడిచే చిత్రిక). తండ్రి వాడిన పనిముట్ల పెట్టె కొడుక్కి అడ్డం. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ ఇవి కనిపిస్తాయి. అమ్మేవాడికి అది తూకానికి పోయే ఇనుమైతే మన అదృష్టం. "ఇంగ్లీష్ మాల్ హై సాబ్" అన్నాడంటే ధర అప్పుడే మూడింతలు అయినట్టు.

కొనేటప్పుడు పై తుప్పు చూసి భయపడొద్దు, అది పోతుంది. పోనివి పగుళ్లు, గుంటలు. బాడీ పోత ఇనుముతో చేసింది, గట్టి నేల మీద పడితే పగులుతుంది. బ్లేడు బయటికొచ్చే సందు మూలలు, పక్క గోడలు వెలుతుర్లో పెట్టి చూడండి. అమ్మేవాడు ఒప్పుకుంటే భాగాలు ఊడదీసి, వట్టి బాడీని వేలితో పట్టుకుని స్పానర్‌తో తట్టండి. ఖంగుమని మోగాలి. బొంగురు శబ్దం వస్తే పెట్టేసి రావడమే. కొత్తగా నల్ల రంగు కొట్టి మెరిపించిన బాడీని నేను అసలు ముట్టుకోను. కింద ఇత్తడితో అతికిన గీత ఉంటుందేమోనని అనుమానం. ఇక బ్లేడు. మధ్యలోని పొడుగు కంత కింద ఉక్కు ఎంత మిగిలిందో చూడాలి. వెనకవైపు అంచు దగ్గర తుప్పు తిన్న గుంటలుంటే ఆ బ్లేడు ఎంత నూరినా పదును సరిగా కుదరదు, చెక్క మీద గీతలు పడుతూనే ఉంటాయి.

స్టాన్లీ దొరికితే బాడీ మీద, బ్లేడు కూర్చునే చోటుకు వెనకవైపు, పేటెంట్ తేదీలున్నాయేమో చూడండి. 1902వి రెండు, 1910ది ఒకటి కలిపి మూడుంటే అది దాదాపు 1910–1918 మధ్య తయారైనది. సేకరించేవాళ్లు దానికి ఎక్కువిస్తారు. అలాంటి దానికి అసలు నల్లపూత గీకి కొత్త రంగు వేశారో, విలువ పోగొట్టినట్టే.

తుప్పు తీయడానికి చిన్న భాగాలైతే నిమ్మ ఉప్పు నీళ్లు చాలు. కొన్ని గంటలు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, వంట సోడా నీళ్లలో కడిగి, తడి లేకుండా తుడిచి వెంటనే నూనె రాయాలి. రాయకపోతే కళ్ల ముందే మళ్లీ ఎర్రబడుతుంది. బాడీకి నేను కరెంటు పద్ధతి వాడతాను. ప్లాస్టిక్ బకెట్లో వాషింగ్ సోడా కలిపిన నీళ్లు, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్. నెగటివ్ వైరు పనిముట్టుకి, పాజిటివ్ వైరు పనికిరాని ఇనుప రేకుకి. రెండూ తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీల్ గరిటెలు, గిన్నెలు రేకు బదులు పెట్టొద్దు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. ఈ పద్ధతిలో పాత నల్లపూత కూడా అక్కడక్కడా లేచిపోతుంది. అందుకని పూత బాగున్న బాడీని అందులో ముంచను.

అడుగు చదును చేయడానికి నాకు దొరికిన మంచి వస్తువు వంటగట్టుకి వేయగా మిగిలిన గ్రానైట్ ముక్క. దాని మీద ఎమరీ పేపర్ అతికించి, అడుగున మార్కర్‌తో గీతలు గీసి, రుద్దుతూ పోవడమే. ముందు కొన, సందుకు ముందున్న భాగం, మడమ ఒకే మట్టంలో ఉంటే చాలు. మధ్యలో చిన్న పల్లాలున్నా పనికి అడ్డు కాదు. అద్దంలా చేయాలని భుజాలు నొప్పి పుట్టేదాకా రుద్దేవాళ్లు ఉన్నారు, వాళ్ల సరదా వాళ్లది. బ్లేడుకి 25 డిగ్రీల వాలు, కొనకు 30. వెయ్యి నంబరు రాయి, తర్వాత ఆరు వేలది, ఆఖరున తోలు పట్టీ.

ఇన్నాళ్ల వాడకంలో తేలిందేమిటంటే, టేకు మీద ఇది హాయిగా నడుస్తుంది, కానీ టేకులో ఉండే సిలికా వల్ల పదును త్వరగా పోతుంది. తలుపు ఒకవైపు అయ్యేసరికి మళ్లీ రాయి దగ్గరికి వెళ్లాల్సిందే. వేపచెక్కలో నార అటూ ఇటూ తిరిగి ఉంటుంది, పెచ్చులు లేస్తాయి. బ్లేడు పైన బిగించే రెండో రేకును కొనకు బాగా దగ్గరగా, అర మిల్లీమీటరు లోపు జరిపితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. ఎండిన తుమ్మ జోలికి మాత్రం దీంతో వెళ్లడం మానేశాను. తక్కువ ధర కొత్త చిత్రికలు ఒకటి రెండు వాడి చూశాను. అడుగు మెలితిరిగి వచ్చింది, దాన్ని సరిచేయడానికి పాతదానికి పట్టినంత శ్రమే పట్టింది.

అమ్మకం సంగతి. ఉలులు ముందు పోతాయి. మార్పుల్స్ లాంటి పాత షెఫీల్డ్ పేరు కనిపిస్తే బేరమాడకుండా తీసుకునేవాళ్లున్నారు. పిడి కొత్తగా వేసి పదును పెడితే ఒక సాయంత్రం పని. చిత్రికలు అలా కాదు. ఏదో ఒక మర పోయి ఉంటుంది. పాత స్టాన్లీ వెనక పిడి బోల్టుకుండే మర మామూలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే కొలతది కాదు. బాలానగర్‌లో లేత్ మీద ఒక నట్టు చేయించుకుంటే తుక్కు ధరకు కొన్న చిత్రిక కంటే ఎక్కువైంది! ఎమరీ పేపర్, రాళ్ల అరుగుదల, ఆటో చార్జీలు తీసేస్తే మిగిలేది రోజు కూలి కంటే తక్కువే. ఒకసారి కొరియర్‌లో పంపిన నంబర్ 4 చిత్రిక పక్క గోడ పగిలి చేరింది, డబ్బు వెనక్కిచ్చాను. అప్పట్నుంచి బ్లేడు వేరుగా చుట్టి, బాడీ చుట్టూ థర్మకోల్ కాకుండా మందపాటి అట్ట దట్టించి చెక్క డబ్బాలో పెడుతున్నాను. ఆ డబ్బా ఖర్చు ధరలో కలిపి చెబితే సగం మంది తర్వాత ఫోన్ ఎత్తరు.

నా 05లో ఇప్పటికీ పోని లోపం ఒకటుంది. ఇత్తడి చక్రం దిశ మార్చి తిప్పితే మొదట కాస్త ఖాళీగా తిరిగి, ఆ తర్వాతే బ్లేడు కదులుతుంది. ఈ నమూనాలో పాతవాటికి చాలావరకు ఉండేదే. బ్లేడును వెనక్కి లాగి, చివరి సవరింపు ఎప్పుడూ కిందికి తిప్పుతూ చేస్తే పనిలో జారదు. కొనేవాళ్లకు ఈ సంగతి ముందే తిప్పి చూపిస్తాను. చూపించకపోతే చిత్రిక పాడైందని మర్నాడే ఫోన్ వస్తుంది.