విండోస్, మ్యాక్, లినక్స్: డబ్బు లెక్కన ఏది మేలు?

విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లు నన్ను అడుగుతున్నది ఒకటే. లినక్స్ ఉచితంగా దొరుకుతోంది, మ్యాక్‌లో ఓఎస్‌కి (కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కి) విడిగా పైసా కట్టక్కర్లేదు, మరి విండోస్‌కి ఎందుకు డబ్బు పెట్టాలి? ఆ ధర అసలు న్యాయమేనా? ఈమధ్య మా ఇంట్లో కూడా మూడు కంప్యూటర్ల సంగతి తేల్చాల్సి వచ్చింది. కూర్చుని లెక్కలు వేసుకున్నాక నాకు తోచింది రాస్తున్నాను.

ముందు అంకె సంగతి. విండోస్ 11 హోమ్‌ని విడిగా కొంటే అమెరికాలో అధికారిక ధర 139 డాలర్లు, ప్రో అయితే 199. చూడగానే ఎక్కువే అనిపిస్తుంది. కానీ 1995లో విండోస్ 95 పూర్తి కాపీ ధర దాదాపు 210 డాలర్లు. 2001లో ఎక్స్‌పీ హోమ్, 2009లో విండోస్ 7 హోమ్ ప్రీమియం, రెండూ 199 డాలర్లు. అప్పట్లో కొత్త వెర్షన్ వస్తే అప్‌గ్రేడ్‌కి మళ్లీ డబ్బు కట్టాలి. ఇప్పుడు 10 నుంచి 11కి మారడం ఉచితం. ఈ ముప్ఫై ఏళ్లలో మిగతా వస్తువుల ధరలు ఎంత పెరిగాయో తలుచుకుంటే విండోస్ నిజానికి చవకైంది. 139 డాలర్లు పెట్టి కొన్నదాన్ని పదేళ్లు వాడితే ఏడాదికి 14 డాలర్లు కూడా పడదు. రోజంతా దాని మీదే పనిచేసుకునే మనిషికి ఇది అన్యాయమైన ధర అని నేను అనలేను.

చిక్కంతా ఆ 139 డాలర్ల కాపీని కొనేవాళ్లు చాలా తక్కువమంది కావడంలో ఉంది. ఎక్కువమందికి విండోస్ లాప్‌టాప్‌తో పాటే వస్తుంది. దాన్నే ఓఈఎం లైసెన్స్ అంటారు. విడిగా కొన్న కాపీని పాత మెషీన్‌లోంచి తీసేసి కొత్త మెషీన్‌లో పెట్టుకోవచ్చు. ఓఈఎం అలా కాదు, ఆ లాప్‌టాప్‌లోని మదర్‌బోర్డుతోనే (ప్రధాన సర్క్యూట్ బోర్డుతోనే) దాని బతుకు. లాప్‌టాప్ పాడైతే లైసెన్స్ కూడా పోయినట్టే. పైగా దానికి మనం ఎంత కట్టామో బిల్లులో ఎక్కడా కనిపించదు. తయారీదారు మైక్రోసాఫ్ట్‌కి ఎంత కడుతున్నాడో వాళ్లిద్దరి మధ్యే ఉంటుంది. ధర తెలియని వస్తువు ధర న్యాయమా కాదా అని తేల్చేదెలా?

ఈ ప్రశ్న కోర్టులదాకా వెళ్లింది. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుడు 2008లో విండోస్ విస్టా ఉన్న సోనీ లాప్‌టాప్ కొన్నాడు. నాకు విండోస్ వద్దు, దాని డబ్బు వెనక్కివ్వండి అన్నాడు. కావాలంటే మొత్తం లాప్‌టాప్ తిరిగిచ్చేసి 549 యూరోలు తీసుకో అన్నారు గానీ, విండోస్ వాటా ఒక్కటే విడదీసి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కేసు యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం వరకు నడిచింది. ఇలా కలిపి అమ్మడం దానంతటదే అన్యాయమైన వ్యాపార పద్ధతి కాదని, సాఫ్ట్‌వేర్ ధర విడిగా చూపించకపోవడం మోసగించడం కిందికి రాదని 2016 సెప్టెంబర్‌లో తీర్పొచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2014లో, ఇటలీ సుప్రీంకోర్టు మాత్రం హెచ్‌పీ మీద వచ్చిన ఇలాంటి కేసులో కొనుగోలుదారుడి పక్షానే నిలిచింది. విండోస్ వద్దన్నవాడికి ఆ డబ్బు తిరిగివ్వాల్సిందే అంది. నా మనసు ఇటలీ తీర్పు వైపే మొగ్గుతుంది. వద్దు అని చెప్పే దారి లేనిచోట అంకె చిన్నదైనా అది నేను ఒప్పుకుని కట్టిన ధర కాదు.

పోటీ లేకపోతే ధర ఎలా నిర్ణయమవుతుందో చూడాలంటే మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో జడ్జి 1999లో నమోదు చేసిన ఒక అంశం చాలు. విండోస్ 98 అప్‌గ్రేడ్‌ని 49 డాలర్లకు అమ్మవచ్చని కంపెనీ సొంత అధ్యయనంలోనే ఉంది. ఆ ధరకు అమ్మితే నష్టం వస్తుందనుకోవడానికి ఆధారమేమీ లేదని జడ్జి రాశారు. కానీ ఎక్కువ రాబడి వచ్చేది 89 దగ్గర అని ఆ అధ్యయనం తేల్చింది. కంపెనీ 89నే ఎంచుకుంది. ఎక్కువ రాబడి కోరుకోవడం ఏ వ్యాపారానికైనా మామూలే. అయితే పక్కన ఇంకో గట్టి పోటీదారు ఉండుంటే ఆ 40 డాలర్ల తేడా మన జేబులోనే మిగిలేది.

ఇన్ని చెప్పినా, నా దృష్టిలో అసలు విషయం ఈ అంకెలు కాదు. కొన్నాక ఎన్నేళ్లు సురక్షితంగా వాడుకోనిస్తారు, ఆ గడువు కొనేరోజే నాకు తెలుస్తుందా అన్నది నాకు ముఖ్యం. ఎందుకంటే ఓఎస్ గడువు అయిపోతే పోయేది ఓఎస్ ఒక్కటే కాదు, బాగా పనిచేస్తున్న కంప్యూటర్ మొత్తం పోతుంది. ఆ నష్టం ముందు 139 డాలర్లు చాలా చిన్నది.

విండోస్ 11 విషయంలో జరిగింది ఇదే. అప్‌గ్రేడ్ ఉచితం అన్నారు. కానీ 2021 అక్టోబర్‌లో అది విడుదలైనప్పుడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలన్నారు, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతిది కావాలన్నారు. 2017లో 7వ తరం ప్రాసెసర్‌తో కొత్త లాప్‌టాప్ కొన్నవాళ్లకు తమ మెషీన్ నాలుగేళ్లకే కొత్త విండోస్‌కి పనికిరాకుండా పోతుందని కొన్నరోజు ఎవరూ చెప్పలేదు. భద్రత కోసమే ఈ షరతులు అన్న వాదనలో నిజం లేకపోలేదు. టీపీఎం ఉంటే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవకుండా డేటాకి తాళం వేయడం), లాగిన్ రెండూ గట్టిపడతాయి. కానీ 16 జీబీ ర్యామ్‌తో, ఎస్‌ఎస్‌డీతో చకచకా నడిచే మెషీన్‌ని ఆ కారణంతో పక్కన పెట్టమంటే నాకు మనసొప్పదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ వరకు, భద్రతా సవరణలు కావాలంటే 30 డాలర్లు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే ఆ డబ్బు కూడా అక్కర్లేదు. ఒకే ఖాతా మీద పది కంప్యూటర్ల వరకు ఇది వర్తిస్తుంది. మీ దగ్గర విండోస్ 10 మెషీన్ ఉండి ఇంకా నిర్ణయం తీసుకోకపోతే ముందు ఇందులో నమోదు చేసుకోండి, ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుంది.

విండోస్‌లో నాకు నచ్చనిది మరొకటుంది. డబ్బు కట్టిన వస్తువులో ప్రకటనలేంటి? 2024లో ఒక అప్‌డేట్‌తో స్టార్ట్ మెనూలోకి యాప్‌ల సిఫారసులు వచ్చాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేయొచ్చు, నిజమే. కానీ ఆపాల్సిన పని కొన్నవాడి మీద పెట్టకూడదు. హోమ్, ప్రో తేడా గురించి కూడా అడుగుతుంటారు. వేరే చోటినుంచి మీ కంప్యూటర్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రావాలన్నా, డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ పూర్తిగా కావాలన్నా ప్రో. లేకపోతే హోమ్ చాలు.

మ్యాక్ సంగతికొస్తే, ఓఎస్ ఉచితం అన్న మాట 2013లో మావరిక్స్ వెర్షన్‌తో మొదలైంది. అంతకుముందు అలా కాదు. 2001 నుంచి 2007 వరకు ఓఎస్ టెన్ (అప్పటి మ్యాక్ ఓఎస్) దాదాపు ప్రతి పెద్ద వెర్షన్ 129 డాలర్లు. అన్నీ కొన్నవాడు ఐదు సార్లు కట్టి ఉంటాడు, 645 డాలర్లు. 2009లో స్నో లెపర్డ్‌ని 29కి దించారు, తర్వాత 2012లో మౌంటెన్ లయన్ 20కి వచ్చింది, ఆ తర్వాత సున్నా. సున్నా అయిందంటే దాని ఖర్చు ఎవరూ భరించడంలేదని కాదు, అది మెషీన్ ధరలో కలిసిపోయిందని. లైసెన్స్ ప్రకారం మ్యాక్ ఓఎస్‌ని ఆపిల్ కంప్యూటర్ మీద తప్ప ఇంకెక్కడా నడపకూడదు. కాబట్టి ఆ ఓఎస్ కావాలంటే వాళ్లు చెప్పిన ధరకే మెషీన్ కొనాలి. 8 జీబీ ర్యామ్‌ని 16 చేయించుకోవడానికి ఏళ్ల తరబడి 200 డాలర్లు తీసుకున్నారు. తర్వాత మనం వేసుకుందామంటే కుదరదు, ర్యామ్ విడిగా పెట్టుకునే ఏర్పాటే లేదు. నన్నడిగితే ఓఎస్ ధర దాక్కున్నది అక్కడ.

గడువు విషయంలో మ్యాక్ ఇంకా కలవరపెడుతుంది. 2025లో వచ్చిన టాహో వెర్షన్‌తో ఇంటెల్ మ్యాక్‌లకు కొత్త వెర్షన్లు ఆఖరు. తర్వాత కొన్నాళ్లు భద్రతా సవరణలు మాత్రం వస్తాయి. ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్ ప్రోని 2023 జూన్ వరకు ఆపిల్ కొత్తగా అమ్మింది. దాని ధర మొదలయ్యేదే 5,999 డాలర్ల దగ్గర. చివర్లో కొన్నవాళ్లకు రెండేళ్లలో కొత్త వెర్షన్ల దారి మూసుకుపోయింది. ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్ కొనేవాళ్లకు ఇప్పట్లో ఆ భయం లేదు. మెషీన్ తయారీ బాగుంటుంది, బ్యాటరీ చాలాసేపు వస్తుంది, అమ్మేస్తే మంచి ధర వస్తుంది. అవన్నీ కావాలనుకుంటే కొనండి, ఓఎస్ ఉచితం కదా అని మాత్రం కొనకండి.

ఇక లినక్స్. దీనికి ధరే లేనప్పుడు న్యాయం గురించి మాట్లాడేదేముంది అంటారు. ఉంది. మొదటిది, ఇది ఎవరో దానం చేస్తే నడుస్తున్నది కాదు. ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ లాంటి కంపెనీలు జీతాలిచ్చి ఇంజినీర్ల చేత కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ లాంటి భాగం) రాయిస్తున్నాయి. వాళ్ల సర్వర్లు, ఆండ్రాయిడ్ ఫోన్లు దాని మీదే నడుస్తాయి కాబట్టి వాళ్లకు ఆ అవసరం ఉంది. కెర్నెల్‌ని మార్చి ఇతరులకు పంచేవాళ్లు ఆ కోడ్‌ని కూడా వాళ్లకు ఇవ్వాలని దాని లైసెన్స్ అయిన జీపీఎల్ కట్టడి చేస్తుంది. అందుకే మనకు ఉచితంగా అందుతోంది.

రెండోది గడువు. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే) వెర్షన్ ఒక్కోదానికి ఐదేళ్లు సవరణలు వస్తాయి. ఉబుంటు ప్రో అనే దానికి నమోదైతే సొంత వాడకానికి ఐదు మెషీన్ల వరకు డబ్బు లేకుండా పదేళ్లు. లినక్స్ మింట్ అనే మరో రకానికి కూడా ఐదేళ్లు, తర్వాత కొత్త వెర్షన్‌కి మారిపోవడమే. ఆ తేదీలన్నీ ముందే ప్రకటిస్తారు, ఆ తేదీ దాటితే మెషీన్ మార్చమని ఎవరూ అనరు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ రాయడం మొదలుపెట్టింది ఇంటెల్ 386 చిప్ మీద. 1985లో వచ్చిన ఆ చిప్‌కి కెర్నెల్‌లో సపోర్ట్ తీసేసింది 2012 డిసెంబర్‌లో. చిప్ వచ్చిన ఇరవై ఏడేళ్లకు! పాత మెషీన్‌ని ఇంతకాలం పట్టుకుని ఉన్న ఓఎస్‌కీ, 2017 మెషీన్‌ని 2021లో వద్దన్న ఓఎస్‌కీ మధ్య తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

మూడోది, లినక్స్‌కి కూడా మనం కట్టేది ఉంది, కాకపోతే అది సమయం. డెస్క్‌టాప్‌లో పెట్టుకునే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లేదు, ఫొటోషాప్ లేదు. లిబ్రేఆఫీస్ మంచిదే గానీ, ఎక్సెల్‌లో మాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసుకున్న ఆదేశాలు) ఉన్న ఫైలు తెరిస్తే చాలాసార్లు సరిగా రాదు. వర్డ్ ఫైలు అటూ ఇటూ పంపుకుంటుంటే పేజీలు జరుగుతాయి. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటి ఆన్‌లైన్ గేమ్‌లు నడవవు. మిగతా చాలా గేమ్‌లు స్టీమ్ అనే గేమ్‌ల స్టోర్‌లోని ప్రోటాన్ (విండోస్ గేమ్‌లని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పుణ్యమా అని బాగానే ఆడుకోవచ్చు. మా ఇంట్లో ప్రింటర్ ప్రింట్ వెంటనే చేసింది గానీ స్కానర్ కదల్లేదు. తయారీదారు లినక్స్‌కి డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వలేదు, ఎవరో రాసిపెట్టినది వెతికి పట్టుకోవడానికి రెండు సాయంత్రాలు పోయాయి. నాకు ఆ ఓపిక ఉంది. పని ఒత్తిడిలో ఉన్నవాళ్లకు ఆ రెండు సాయంత్రాలే 139 డాలర్లకంటే ఖరీదు కావచ్చు. ఆ సంగతి దాచి "లినక్స్ ఫ్రీ, పెట్టేసుకో" అని చెప్పడం సరికాదు.

గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే లాప్‌టాప్, క్రోమ్‌బుక్ గురించి రెండు మాటలు. మోడల్ ఏ ప్లాట్‌ఫామ్ మీద తయారైందో అది విడుదలైనప్పటి నుంచి పదేళ్లు ఆటోమేటిక్ అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో చెప్పింది. ఏ మోడల్‌కి ఏ తేదీ వరకో ముందే చూసుకుని కొనొచ్చు, ఈ పద్ధతి అందరూ పాటిస్తే బాగుండు. పనంతా బ్రౌజర్‌లోనే అయిపోయేవాళ్లకు సరిపోతుంది. విండోస్ గురించి ఇంకో మాట: నెట్‌లో పది, ఇరవై డాలర్లకు దొరికే విండోస్ కీలు (లైసెన్స్ నంబర్లు) కొనకండి. అవి ఎక్కడివో తెలియదు, రేపు పనిచేస్తాయన్న హామీ లేదు.

మా ఇంట్లో చివరికి ఇలా తేలింది. ఆఫీసు పనికి వాడే డెస్క్‌టాప్‌ని భాగాలు కొని నేనే బిగించాను కాబట్టి దానికి విండోస్ 11 హోమ్ విడిగా కొన్నాను. రేపు మదర్‌బోర్డు మార్చినా లైసెన్స్ నాతోనే వస్తుంది. అక్కయ్య డిజైన్ పని చేస్తుంది, ఆమె సాఫ్ట్‌వేర్‌కి లినక్స్ దారి లేదు, మ్యాక్ కావాలంది. ర్యామ్ మాత్రం కొనేటప్పుడే ఎక్కువ తీసుకోమన్నాను. మూడోది నాన్నగారి పాత లాప్‌టాప్. ఆయనకు కావల్సింది బ్రౌజర్, వీడియో కాల్, ఉత్తరాలు రాసుకోవడం. అందులో మింట్ పెట్టాను. రెండు రోజులు "ఆ బటన్ ఎక్కడుంది?" అని అడిగారు, మూడో రోజు నుంచి అడగలేదు. ఆ లాప్‌టాప్‌కి బదులు కొత్తది కొనడానికి పక్కన పెట్టుకున్న డబ్బులో కొంత మింట్ ప్రాజెక్టుకి విరాళం పంపాం. ఎంత పంపాలో నాన్నగారే చెప్పారు.