పాత కంప్యూటర్‌కు ఏ లైసెన్సు మేలు: ఓఈఎం, వాల్యూమ్, రిటైల్, లినక్స్?

రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) కంప్యూటర్ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అని అడిగేవారే గాని, అందులోని విండోస్ ఏ రకం లైసెన్సుతో నడుస్తోందని అడిగేవారు తక్కువ. సెట్టింగ్స్‌లో ‘యాక్టివేటెడ్’ అని కనిపిస్తే చాలనుకుంటారు. కానీ సరైన లైసెన్సుకూ, నాలుగు నెలల్లో మొరాయించబోయే దానికీ అక్కడ కనిపించేది అదే మాట.

నా ఉద్దేశంలో అన్నిటికంటే మేలైనది తయారీదారు ఇచ్చిన ఓఈఎం లైసెన్సు నిలిచి ఉన్న యంత్రం. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి పేరున్న కంపెనీల యంత్రాలలో ప్రొడక్ట్ కీ (లైసెన్సును గుర్తించే కోడ్) మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే, అంటే బోర్డులోనే నిలిచి ఉండే సాఫ్ట్‌వేర్‌లో, ఉంటోంది గనుక, డిస్కు మార్చి అదే ఎడిషన్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా కీ అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. అయితే ఈ లైసెన్సును వేరే కంప్యూటర్‌కు మార్చుకునే వీలు లేదు. మదర్‌బోర్డు మార్చి ఉంటే అందులోని కీ కూడా పోయినట్టే. ఫర్మ్‌వేర్‌లో విండోస్ హోమ్ ఎడిషన్ కీ ఉండి పైన ప్రో ఎడిషన్ నడుస్తుంటే, ఆ ప్రో ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మేవారిని నిలదీయాల్సిందే. మైక్రోసాఫ్ట్ వద్ద నమోదైన రీఫర్బిషర్లు కొత్త లేబుల్‌తో ఇచ్చే లైసెన్సు కూడా దీనికి తీసిపోదు.

చిక్కంతా ఆఫీసుల నుంచి బయటికి వచ్చిన యంత్రాలతోనే. వాటిలోని వాల్యూమ్ లైసెన్సు (సంస్థలు చాలా కంప్యూటర్లకు కలిపి తీసుకునేది) ఆ సంస్థకు చెందినది, యంత్రంతో పాటు కొన్నవారికి రాదు. కేఎంఎస్ పద్ధతిలో, అంటే సంస్థ సొంత సర్వర్ ద్వారా, యాక్టివేట్ చేసినది 180 రోజులే నిలుస్తుంది. ఆలోగా సంస్థ సర్వర్‌ను పలకరించి పొడిగించుకోవాలి, అమ్ముడైన యంత్రానికి ఆ సర్వర్ అందదు. అలాగని ఇలాంటి యంత్రాన్ని తోసిపుచ్చనక్కరలేదు: వాల్యూమ్ విండోస్‌ను సాధారణంగా అప్‌గ్రేడ్‌గానే ఇస్తారు కాబట్టి, అడుగున అసలు ఓఈఎం కీ ఉండే అవకాశం ఎక్కువ.

తేల్చుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్‌ఎల్‌ఎంజీఆర్ /డీఎల్‌ఐ’ (slmgr /dli) కొడితే చాలు. ‘ఓఈఎం_డీఎం’ (ఫర్మ్‌వేర్‌లోని తయారీదారు కీ) అని వస్తే నిశ్చింత, ‘వాల్యూమ్’ అని వస్తే బేరం ఆపి మాట్లాడాలి. ‘రిటైల్’ (విడిగా కొన్న లైసెన్సు) అని వచ్చినా బిల్లు అడగడం మంచిది, ఎందుకంటే ఉచితంగా విండోస్ 10కు అప్‌గ్రేడ్ అయిన యంత్రం కూడా అలాగే చూపుతుంది.

విడిగా రిటైల్ లైసెన్సు కొంటే ఖర్చు ఎక్కువే, కానీ ఈ యంత్రం నుంచి తీసేసి రేపు మరో యంత్రానికి మార్చుకోవచ్చు. నామమాత్రపు ధరకు దొరికే కీలను మాత్రం రిటైల్ అని నమ్మవద్దు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ కావాలి. అంతకంటే పాత యంత్రానికి లైసెన్సు కొనడం దండగ. పని బ్రౌజర్‌లోనూ, ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రే ఆఫీసులోనూ జరిగిపోయేవారికి అక్కడ ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం లినక్సే మేలు. లినక్స్‌లో నేరుగా నడవని ఫోటోషాప్ తప్పనిసరి అయినవారు ఆ యంత్రం జోలికే పోకుండా ఉండాలి.