పాతిక వేల దగ్గర్లో బేస్ గిటార్: అడుగు స్వరం గట్టిగా పలకాలంటే ఏది కొనాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు బేస్ గిటార్ కొనేది ఎక్కువగా చర్చి క్వయర్ కుర్రాళ్ళు, పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ పోయే ఆర్కెస్ట్రా వాళ్ళు. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, తక్కువ రేటులో గుండెకి తగిలే బేస్ ఏదన్నా ఉందా?" దానికి దొరికే జవాబూ ఒకటే: యాక్టివ్‌ది (బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) తీసుకో, లేదంటే ఐదు తీగలది తీసుకో. ఈ రేటులో ఆ రెండూ సగం నిజాలే. మా ఓటు నాలుగు తీగలు, 34 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు), స్ప్లిట్ కాయిల్ పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్ట, రెండు ముక్కలుగా) ఉన్న సాదా పాసివ్ (బ్యాటరీ లేని) బేస్‌కి. ఎందుకో చెప్తాం, ఎక్కడ ఆ మాట చెల్లదో కూడా చెప్తాం.

బరిలో ఉన్నవి మూడు: స్క్వియర్ సోనిక్ ప్రెసిషన్, యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనీజ్ జీఎస్ఆర్ 200. ధరలు ఊరికే మారుతుంటాయి కాబట్టి కొనే రోజున చూసుకోండి.

సోనిక్‌లో ఉన్నది ఒక్క పికప్, ఒక వాల్యూమ్, ఒక టోన్. అంతే. ఫెండర్ 1957లో ప్రెసిషన్ బేస్‌కి పెట్టిన రెండు ముక్కల పికప్ నమూనానే ఇది. రెండు ముక్కలూ ఎదురెదురుగా చుట్టి ఉండటం వల్ల హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే మోత) తనకు తానే కొట్టుకుపోతుంది. జనరేటర్ మీద నడిచే ఊరి స్టేజీ మీద ఈ ఒక్క గుణానికే సగం డబ్బు గిట్టుతుంది. శబ్దం కూడా మధ్యలో బరువుగా, కండపట్టి ఉంటుంది. డ్రమ్స్, కీబోర్డు, ఇద్దరు ముగ్గురు పాడేవాళ్ళు కలిసినా వినపడేది ఆ మధ్యభాగమే.

యమహా 174లో అదే రకం పికప్‌తో పాటు బ్రిడ్జి (తీగలు ఆనే అడుగు పట్టీ) దగ్గర జాజ్ తరహా పికప్ ఇంకొకటి ఉంటుంది. రెండింటికీ వేర్వేరు వాల్యూములు, 24 ఫ్రెట్లు. చాలామంది చేసే పొరపాటు రెండు వాల్యూములూ నిండుగా తిప్పి వాయించడం. రెండూ సమానంగా కలిస్తే కొన్ని మధ్య స్వరాలు ఒకదాన్నొకటి తినేసి శబ్దం పలచబడుతుంది. బరువు కావాలంటే నెక్ వైపు పికప్ పూర్తిగా పెట్టి, బ్రిడ్జి వైపుది సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ, తీగ అంచు వినపడగానే ఆపండి. జాజ్ పికప్ ఒక్కటే పెట్టి వాయిస్తే సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట) కాబట్టి గుయ్యిమనే హమ్ వస్తుంది. అది గిటార్ తప్పు కాదు.

ఐబనీజ్‌లోనూ ఇవే రెండు పికప్పులు, అదనంగా 9 వోల్టుల బ్యాటరీతో నడిచే బేస్ బూస్ట్. దుకాణంలో ఆ నాబ్ తిప్పగానే అందరూ పడిపోతారు. కానీ లెక్క చూడండి: 3 డెసిబెల్స్ పెంచితే యాంప్ రెట్టింపు శక్తి ఇవ్వాలి, 10 డెసిబెల్స్ పెంచితే పది రెట్లు. చిన్న యాంప్ దగ్గర అంత శక్తి ఉండదు. స్పీకర్ కోన్ కొట్టుకుంటుంది, శబ్దం బురబురలాడుతుంది. ఈ బూస్ట్‌ని పచ్చడిలో ఉప్పులా వాడాలి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. వాయించడం అయిపోగానే గిటార్ వైపు జాక్ లాగేయాలి.

అయితే ఐబనీజ్ గెలిచే చోటు ఒకటుంది, అదీ మన చర్చిల్లోనే. చాలాచోట్ల బేస్ యాంప్ ఉండదు, కేబుల్ నేరుగా మిక్సర్‌కి పోతుంది. పాసివ్ పికప్‌కి 1 మెగాఓమ్ చుట్టుపక్కల నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో అది పది ఇరవై కిలోఓములే ఉంటుంది. అక్కడ పాసివ్ బేస్ దుప్పటి కప్పినట్టు మొద్దుగా వినపడుతుంది. యాక్టివ్ సర్క్యూట్‌కి ఆ ఇబ్బంది లేదు. కాబట్టి యాంప్ లేదు, మిక్సర్‌లో హై-జెడ్ (అలా ఎక్కువ నిరోధం ఉన్న) ఇన్‌పుట్ లేదు, డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) కొనే ఆలోచన కూడా లేదంటే ఐబనీజే తీసుకోండి. డీఐ బాక్స్ కొనగలిగితే సోనిక్ గానీ యమహా గానీ.

మిక్సర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నాలుగు తీగల బేస్‌లో లావు ఈ (E) తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఏ (A) తీగ 55 దగ్గర. చాలా మిక్సర్లలో చానళ్ళకి లో కట్ అనే బటన్ ఉంటుంది. 75, 80 లేదా 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేస్తుంది. మైకుల కోసం మైక్‌సెట్ అబ్బాయి అన్ని చానళ్ళకీ నొక్కేసి ఉంటాడు. బేస్ చానల్లో అది నొక్కి ఉంటే ఎంత పెట్టి కొన్న గిటారైనా పిట్టగొంతే. కొత్తది కొనాలనుకునే ముందు ఆ బటన్ చూడండి. తర్వాత 200, 250 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించి, 80, 100 మధ్య కొంచెం పెంచండి. 40 దగ్గర పెంచి లాభం లేదు. 10 అంగుళాల స్పీకర్ అంత కిందికి గట్టిగా పలకదు. మన చెవి ఆ తీగని గుర్తుపట్టేది ఎక్కువగా 82 దగ్గరుండే రెండో హార్మోనిక్‌తోనే (మూలస్వరానికి రెట్టింపు హెర్ట్జ్‌లో పలికే తోడు స్వరం).

ఐదు తీగల బేస్ మీద మోజు ఉన్నవాళ్ళకీ ఇదే లెక్క. బి తీగ 31 హెర్ట్జ్. దాన్ని వినిపించే స్పీకరే లేనప్పుడు తీగ ఉండి ఏం ప్రయోజనం? పైగా ఈ ధరలో 34 అంగుళాల స్కేలు మీద బి తీగ చాలాసార్లు వదులుగా, తడిసిన తాడులా ఊగుతుంది. పాడేవాళ్ళ శృతిని బట్టి డి వరకు దిగాల్సి వస్తే ఈ (E) తీగని డికి దించుకుంటే సరి, 36.7 హెర్ట్జ్ దొరుకుతుంది. అంతకన్నా కిందికి తరచూ దిగేవాళ్ళకే ఐదోది అవసరం. 30 అంగుళాల షార్ట్ స్కేల్ చేతికి హాయిగా ఉంటుంది గానీ, అదే శృతికి తీగ బిగువు తగ్గుతుంది. గట్టిగా మీటితే స్వరం ఒక్క క్షణం పైకెగిరి దిగుతుంది.

ఇక చేతిలోకి తీసుకుని చూడాల్సినవి. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. అన్నాశాలైలో మ్యూజీ మ్యూజికల్ లాంటి పాత దుకాణం దాకా వెళ్ళి వాయించి చూసి కొంటే మంచిదే. ఆన్‌లైన్లో తెప్పిస్తే అట్టపెట్టె విప్పుతూ వీడియో తీసుకోండి, తీగలు శృతి చేసి ఒక రోజు వదిలేయండి, వాపసు గడువులోపే ఈ పని చేయండి. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ నొక్కి చూడాలి. జి తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య స్వరం మిగతా చోట్ల కన్నా త్వరగా చచ్చిపోతుంటే అది డెడ్ స్పాట్. కొద్దిగా ఉంటే సర్దుకోవచ్చు, టక్కుమని ఆగిపోతే వద్దు. బ్రిడ్జి వైపు నుంచి ఒంటికన్నుతో నెక్ వెంబడి చూడండి. విల్లులా వంగితే ట్రస్ రాడ్ (నెక్ లోపలుండే ఇనప కడ్డీ)తో సరిచేయొచ్చు, మెలి తిరిగితే తిరిగి పంపేయడమే.

వంపు కొలవడానికి మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఈ (E) తీగని నొక్కి పట్టి, 7, 8 ఫ్రెట్ల దగ్గర సందు చూడండి. 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటే చాలు. విజిటింగ్ కార్డు ఒకటి దూరేంత. ఎక్కువుంటే ట్రస్ రాడ్ నట్‌ని సవ్యదిశలో పావు చుట్టు తిప్పి, మళ్ళీ శృతి చేసి చూడాలి. ఒకేసారి అర చుట్టు తిప్పేవాళ్ళే రాడ్డు చెడగొట్టుకునేది. 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2.4, సన్న తీగది 2 మిల్లీమీటర్లకి అటూఇటూ ఉంచండి. తీగ మరీ కిందికుంటే ఫ్రెట్లకి తగిలి జుర్రుమంటుంది, అడుగు స్వరం అక్కడే పోతుంది. పికప్ మరీ దగ్గరికి లేపినా చేటే. అయస్కాంతం తీగని లాగి శృతి వణుకుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మన తీరం గాలికి నెక్ కదులుతుంది, మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. వాయించాక పొడి గుడ్డతో తుడవండి. తీగల సెట్టు 45-105 లేదా 50-105 (సన్న తీగ నుంచి లావు తీగ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేయండి. నికెల్ చుట్టినవి చేతికి మెత్తగా, వినడానికి వెచ్చగా ఉంటాయి. ఫ్లాట్‌వూండ్ (పైన చదునైన రేకు చుట్టినవి) ఖరీదెక్కువే గానీ ఏళ్ళ తరబడి వస్తాయి, పైస్వరాల గరగర తగ్గి అడుగు తేలుతుంది. అంత పెట్టలేమంటే అంట్లు తోమే కొత్త స్పాంజి అంగుళం వెడల్పున కోసి, బ్రిడ్జి పక్కన తీగల కింద దూర్చండి. స్వరం పొట్టిగా, బొద్దుగా, డోలు దెబ్బలా వస్తుంది. పది రూపాయల ఖర్చు. మీటే చేతిని నెక్ వైపు జరిపితే ఇంకా లావెక్కుతుంది. తీగ మధ్యకి దగ్గరయ్యేకొద్దీ మూలస్వరం ఎక్కువ కదులుతుంది మరి.

చివరిగా కీబోర్డు వాయించే తమ్ముడితో ఒక మాట. అతని ఎడమ చెయ్యి కూడా అదే అడుగు స్వరాలు వాయిస్తుంటే రెండూ కలిసి బురదే అవుతుంది. ఆ చేతిని ఒక ఆక్టేవ్ పైకి జరపమనండి, లేదా స్ప్లిట్‌లో (కీబోర్డుని రెండు టోన్లుగా విడగొట్టే సెట్టింగు) పెట్టిన బేస్ టోన్ తీసేయమనండి. ఒప్పుకోకపోతే ఈ మూడింటిలో ఏది కొన్నా తేడా తెలియదు.