రెస్టిక్ రివ్యూ: పాలసీ ఒక్క లైనే, లెక్క తెలిసి రాయాలి

సర్వర్ల బ్యాకప్‌కి కొన్నాళ్లుగా రెస్టిక్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఉచితం, ఓపెన్ సోర్స్, ఒక్క ఫైలు దింపుకుంటే చాలు లినక్స్, విండోస్, మాక్ అన్నిటి మీదా నడుస్తుంది. ఎన్‌క్రిప్షన్ ఉంది, ఒకే డేటాని రెండుసార్లు దాచదు, 2022లో వచ్చిన 0.14 నుంచి కంప్రెషన్ కూడా చేస్తుంది. ఇవన్నీ బాగున్నాయి కానీ నాకు బాగా నచ్చింది, పాత బ్యాకప్‌లలో ఏవి ఉంచాలి ఏవి తీసెయ్యాలి అనే పాలసీ ఇందులో పనిచేసే తీరు.

వారానికో ఫుల్ (మొత్తం కాపీ), రోజుకో ఇంక్రిమెంటల్ (ముందుదాని తర్వాత మారినవి మాత్రమే) పెట్టుకునే పద్ధతిలో మధ్యలో ఒకటి పోతే దాని తర్వాతవి పనికిరావు. ఇక్కడ ఆ గొలుసు లేదు, ప్రతి స్నాప్‌షాట్ (ఒక్కసారి తీసిన బ్యాకప్) దేనికదే పూర్తి, ఏ ఒక్కటి తీసేసినా మిగతావి రీస్టోర్ అవుతాయి.

పాత స్నాప్‌షాట్లను జాబితాలోంచి తీసేసే ఫర్గెట్ కమాండ్‌కి కీప్ డైలీ 7, కీప్ వీక్లీ 4, కీప్ మంత్లీ 12 అని ఇస్తే అదే పాలసీ. 7, 4, 12 కలిపి 23 మిగులుతాయని చాలామంది అనుకుంటారు, కాదు. ఒకే స్నాప్‌షాట్ రోజు లెక్కలోనూ వారం లెక్కలోనూ పడొచ్చు కాబట్టి తక్కువే ఉంటాయి. డైలీ 7 అంటే గడిచిన వారం అని కూడా కాదు, బ్యాకప్ జరిగిన చివరి 7 రోజులు, రోజుకి ఆఖరిది ఒకటి. అంటే బ్యాకప్ ఏదో కారణంతో నెల రోజులు ఆగిపోయినా, ఫర్గెట్ మాత్రం రోజూ నడుస్తూనే ఉన్నా, ఉన్న కాపీలు ఖాళీ అయిపోవు. దీన్ని రాసినవాళ్లు ఎంత ముందుచూపుతో ఆలోచించారో చూడండి!

జాగ్రత్త పడాల్సింది గ్రూపింగ్ దగ్గర. ఫర్గెట్ మామూలుగా హోస్ట్ పేరు (మెషీన్ పేరు), ఫోల్డర్ పాత్ చూసి స్నాప్‌షాట్లను గుంపులు చేసి, ఒక్కో గుంపుకి పాలసీని విడిగా వర్తింపజేస్తుంది. డాకర్ లాంటి కంటైనర్‌లో, ప్రతిసారీ కొత్తగా సృష్టించి నడుపుతుంటే హోస్ట్ పేరు మారిపోతుంది, అప్పుడు ప్రతి స్నాప్‌షాటూ ఒక కొత్త గుంపు, ఇక ఏదీ డిలీట్ కాదు, స్టోరేజ్ పెరుగుతూనే ఉంటుంది. హోస్ట్ పేరు మీరే ఇచ్చేయండి, ముందు డ్రై రన్ (నిజంగా ఏదీ చెరపకుండా చూపించే పద్ధతి) పెట్టి ఏది ఎందుకు మిగులుతోందో చదవండి, కారణం కూడా పక్కనే చూపిస్తుంది. ఇంకోటి, ఫర్గెట్ ఒక్కటే చేస్తే స్థలం ఖాళీ కాదు, ఎవరికీ అక్కర్లేని డేటాని నిజంగా చెరిపేసే ప్రూన్ కమాండ్ కూడా నడవాలి. పెద్ద రిపాజిటరీ (బ్యాకప్‌లు దాచే చోటు) క్లౌడ్‌లో ఉంటే ప్రూన్ చాలాసేపు పడుతుంది, అది నడుస్తున్నంతసేపూ కొత్త బ్యాకప్ మొదలవ్వదు. నాకు విసుగు తెప్పించేది ఇదే.

టైముకి తనంతట తానే నడిపే షెడ్యూలర్ ఇందులో లేదు, లినక్స్‌లో ఆ పని చేసే క్రాన్ లేదా సిస్టమ్‌డీ టైమర్ మీరే పెట్టుకోవాలి. స్క్రిప్ట్‌లో ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఫలితం చెప్పే అంకె) తప్పకుండా చూడండి, బ్యాకప్‌కి 3 వస్తే స్నాప్‌షాట్ తయారైంది కానీ కొన్ని ఫైళ్లు చదవలేకపోయిందని అర్థం. పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే, తిరిగి తెచ్చే దారి లేదు, అందుకని ఆ సర్వర్ బయట ఇంకోచోట దాచండి.

నా దృష్టిలో పాలసీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, డిలీట్ చేసే హక్కు ఎవరికుంది అన్నది. సర్వర్‌లోకి చొరబడినవాడికి అక్కడే ఉన్న కీతో బ్యాకప్‌లు కూడా చెరిపేసే వీలుంటే ఎన్ని నెలల కాపీలున్నా టెన్షన్ తప్పదు. బ్యాకప్‌లు దాచుకోవడానికి రెస్టిక్ వాళ్లదే రెస్ట్ సర్వర్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, దాన్ని వేరే మెషీన్‌లో అపెండ్ ఓన్లీ (చేర్చడం మాత్రమే) పద్ధతిలో నడిపితే మీ సర్వర్ కొత్తవి చేర్చగలదు కానీ పాతవి చెరపలేదు. ఫర్గెట్, ప్రూన్ మాత్రం చెరిపే హక్కున్న వేరే మెషీన్ నుంచి చేసుకోవాలి. కాస్త ఎక్కువ పనే, అయినా చెయ్యండి.

బ్యాకప్‌లు పాడవలేదని చూసే చెక్ కమాండ్ మామూలుగా డేటా మొత్తం చదవదు. రీడ్ డేటా సబ్‌సెట్ అనే ఆప్షన్ ఇచ్చి వారానికి కొంత భాగం చొప్పున చదివించండి, ఎందుకంటే ఒకే డేటా ముక్కని చాలా స్నాప్‌షాట్లు పంచుకుంటాయి, అది పాడైతే అన్నిటిలోనూ పాడైనట్టే. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లని నేరుగా కాపీ చెయ్యకుండా ముందు డంప్ (డేటాబేస్‌లోని డేటా మొత్తాన్ని ఒక ఫైలుగా) తీసి దాన్నే బ్యాకప్‌కి ఇవ్వండి.

కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకి కళ్లు మూసుకుని చెప్తాను, పెట్టుకోండి. బటన్లు నొక్కి పని కావాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు.