అబ్బా ఊళ్లో నాన్నతో ఎనిమిది రోజులు

మా నాన్న రాజమండ్రిలో ఇరవై ఏళ్లకు పైగా ఆర్కెస్ట్రాలో వాయించారు. మొదట హార్మోనియం, తర్వాత అకార్డియన్, చివరికి కీబోర్డు. పెళ్లిళ్లు, శ్రీరామనవమి, వినాయక చవితి పందిళ్లు మొదలయ్యాయంటే ఆయన ఇంట్లో పడుకున్న రాత్రులు తక్కువ. ఆయన దగ్గర ఇంగ్లిషు క్యాసెట్లు నాలుగే ఉండేవి. అందులో ఒకటి అబ్బా వాళ్లది. డెబ్బైల్లో పేరు తెచ్చుకున్న స్వీడన్ పాటల బృందం అది. బ్యోర్న్, అగ్నెతా ఒక జంట, బెన్నీ, ఫ్రీడా ఇంకో జంట. మాటలు సగం అర్థం కాకపోయినా మధ్యలో వచ్చే బిట్లన్నీ వేళ్ల మీద ఉండేవి. ఆయనకి అరవై తొమ్మిది నిండాక "ఈసారి నువ్వెక్కడికంటే అక్కడికి తీసుకెళ్తాను, చెప్పు నాన్నా" అన్నాను. కాశీ అంటారనుకున్నాను. "ఆ స్వీడన్ వాళ్ల ఊరు చూపించమ్మా" అన్నారు.

అలా ఈ జూన్‌లో బయల్దేరాం. రెండు రాత్రులు లండన్, ఆరు రాత్రులు స్టాక్‌హోం. మనవాళ్లకి ముందే చెప్పాల్సిన విషయం ఒకటుంది. స్వీడన్‌కి షెంజెన్ వీసా, బ్రిటన్‌కి వేరే వీసా. రెండు సార్లు కాగితాలు, రెండు సార్లు ఫీజులు, రెండు సార్లు వేలిముద్రలు. డబ్బు చూసుకుని వెళ్లేవాళ్లయితే లండన్ వదిలేసి స్టాక్‌హోం ఒక్కటే పెట్టుకోండి. కథ అంతా అక్కడే ఉంది.

అయినా మేం లండన్ నుంచి మొదలుపెట్టడానికి కారణం బ్రైటన్. విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కితే గంట ప్రయాణం. ఊళ్లో డోమ్ అనే హాలుంది. రెండు వందల ఏళ్ల కిందట యువరాజుగారి గుర్రాల కోసం కట్టిన శాల అది. దేశానికొక పాట చొప్పున పోటీపడే యూరోవిజన్ పాటల పోటీ 1974 ఏప్రిల్ 6న అక్కడే జరిగింది. అబ్బా వాళ్లు "వాటర్లూ" పాడారు, వాద్యబృందాన్ని నడిపించే వాళ్ల కండక్టర్ నెపోలియన్ వేషంలో వచ్చి నిలబడ్డాడు, 24 పాయింట్లతో గెలిచారు. బ్రిటన్ జ్యూరీ మాత్రం ఒక్క పాయింటు కూడా వెయ్యలేదు. నెల తిరిగేసరికి అదే బ్రిటన్‌లో ఆ పాట నంబర్ వన్. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఏ దేశంవాళ్లు ఏ భాషలోనైనా పాడొచ్చని నిబంధన సడలించింది అంతకు ముందు ఏడాదే. ఫిబ్రవరిలో స్వీడన్‌లో జరిగిన ఎంపిక పోటీలో ఈ పాటనే స్వీడిష్‌లో పాడి గెలిచారు, బ్రైటన్‌కి ఇంగ్లిషులో తెచ్చారు. ఆ సడలింపు కూడా నాలుగేళ్లే ఉంది, 1977లో మళ్లీ ఎవరి భాషలో వాళ్లే పాడాలన్నారు. ఆ కిటికీ తెరుచుకున్న కాస్త కాలంలోనే వీళ్లు లోపలికి అడుగుపెట్టారు.

డోమ్‌ని మేం బయటి నుంచే చూశాం. సముద్రం ఒడ్డున నడిచి, వాళ్లు ఆ రాత్రి బస చేసిన గ్రాండ్ హోటల్ ముందు నిలబడి, టీ తాగి వచ్చేశాం. పాటలమీద మరీ అంత ప్రేమ లేనివాళ్లు బ్రైటన్‌కి ప్రత్యేకంగా ఒక రోజు పెట్టక్కర్లేదు.

లండన్‌లో అబ్బా వాయేజ్ ప్రదర్శన సంగతి వేరు. 2022 మేలో మొదలైంది. ఒలింపిక్ పార్కు పక్కన, పుడ్డింగ్ మిల్ లేన్ స్టేషన్ దిగగానే ఎదురుగా దానికోసమే కట్టిన హాలు. మూడు వేల మంది పడతారు. వేదిక మీద కనిపించేది మనుషులు కాదు. డెబ్బైకి అటూ ఇటూగా ఉన్న ఆ నలుగురూ ఐదు వారాలపాటు కెమెరాల మధ్య పాడి ఆడితే, ఆ కదలికల్లోంచి వాళ్ల వయసు వెనక్కి తిప్పి తయారుచేసిన బొమ్మలు. కానీ పక్కన వాయించే పదిమందీ నిజం మనుషులు. నాన్న బొమ్మల్ని పది నిమిషాలు చూశారు. మిగతా సేపంతా ఆ వాద్యకారుల్నే చూశారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కూర్చునే టికెట్టే తీసుకోండి. డాన్స్ ఫ్లోర్ చవకే గానీ గంటన్నర పైగా నిలబడాలి. ఫోన్‌తో ఫొటోలు తియ్యనివ్వరు. దానివల్ల ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇక స్టాక్‌హోం. మేం దిగిన రోజు మిడ్‌సమ్మర్ ముందురోజు. అది వాళ్ల వేసవి పండుగ, జూన్ 19కీ 25కీ మధ్య వచ్చే శుక్రవారం మొదలవుతుంది, మనకి సంక్రాంతిలా ఊళ్లకి ఊళ్లే ఖాళీ అవుతాయి. నాకా సంగతి తెలియదు. సోడర్‌మల్మ్‌లో మూడు రాత్రులకి బుక్ చేసుకున్న హాస్టల్‌లో రిసెప్షన్ మూసేసి ఉంది, తలుపు కోడ్ పంపుతామన్న ఈమెయిల్ రాలేదు. నాన్నని సూట్‌కేసు మీద కూర్చోబెట్టి గంటసేపు ఫోన్లు చేశాను. చివరికి లోపలినుంచి బయటికి వస్తున్న ఒకమ్మాయి తలుపు పట్టుకుంది. గది శుభ్రంగా ఉంది, వంటగది ఇంకా బాగుంది. కానీ దుప్పట్లకీ తువ్వాళ్లకీ వేరే డబ్బులు. అక్కడి హాస్టళ్లలో చాలాచోట్ల ఇంతే, కాబట్టి ఒక జత దుప్పట్లు ఇంటినుంచే పెట్టుకెళ్లండి. కళ్లకి కట్టుకునే గుడ్డ కూడా పెట్టుకోండి. రాత్రి పదిన్నరకి కూడా ఆకాశం తెల్లగానే ఉంటుంది.

మిగతా మూడు రాత్రులు కిస్టాలో మా పిన్ని కొడుకు ఇంట్లో. అక్కడ టెలికాం, ఐటీ కంపెనీల వల్ల మనవాళ్లు బాగానే ఉన్నారు, లిఫ్టులో తెలుగు వినిపిస్తుంది. మెట్రోలో ఇరవై నిమిషాల్లో ఊరి నడిబొడ్డుకి రావచ్చు. బ్యాంకు కార్డు గేటు దగ్గర తాకిస్తే చాలు, నలభై పైచిలుకు క్రోనాలు పోతాయి, 75 నిమిషాలు మెట్రో, బస్సు, ట్రాం ఏదైనా ఎక్కొచ్చు. క్రోనాకి తొమ్మిది రూపాయలని మేం లెక్కేసుకున్నాం. నోట్లు మాత్రం మార్చుకుని వెళ్లకండి. నాన్న జాగ్రత్తగా బనియన్ జేబులో పెట్టుకున్న క్రోనా నోట్లు మాకు ఎక్కడా పనికిరాలేదు.

అబ్బా మ్యూజియంలో అయితే అసలే తీసుకోరు. 2013 మేలో తెరిచిన రోజునుంచీ అక్కడ కార్డులే. తన కొడుకు ఇంట్లో దొంగలు పడ్డాక, నగదు లేకపోతే దొంగతనాలే తగ్గుతాయని బ్యోర్న్ గట్టిగా వాదిస్తూ వచ్చాడు. మ్యూజియం యూర్గార్డెన్ అనే దీవి మీద ఉంది. 7వ నంబర్ ట్రాం వెళ్తుంది. కానీ స్లుస్సెన్ దగ్గర చిన్న ఫెర్రీ ఎక్కి వెళ్లండి. టికెట్ అదే, నీళ్లమీద గాలి ఊరికే వస్తుంది.

టికెట్ ముందే ఆన్‌లైన్‌లో, ఫలానా వేళకని కొనుక్కోవాలి. మేం వెళ్లిన రోజు మనిషికి దాదాపు 300 క్రోనాలు. మన డబ్బుల్లో ఎక్కువే. నేను సంతోషంగా పెట్టాను, మళ్లీ పెడతాను. ఆడియో గైడ్ వేరుగా తీసుకోవాలి. నలుగురూ తమ గొంతులతో తమ కథ చెప్తారు, అది లేకుండా లోపలికి వెళ్లొద్దు. అందరూ మెరుపు దుస్తుల దగ్గర, పాడి ఆడే వేదిక దగ్గర గుంపు కడతారు. పిల్లలుంటే అదే వాళ్ల లోకం. నాకు మాత్రం మ్యూజియంకి ప్రాణం ఆ వెనక ఉన్న చిన్న గదుల్లో ఉందనిపించింది.

ఒక గది వాళ్ల మేనేజర్ స్టిగ్ ఆండర్సన్ ఆఫీసు. అచ్చు అలాగే మళ్లీ కట్టారు. ఇక్కడ నాన్న అరగంట కూర్చున్నారు. ప్రపంచం మొత్తానికీ ఒకే కంపెనీకి పాటలు అప్పగించకుండా, బ్రిటన్‌కి ఒకరు, అమెరికాకి ఒకరు, ఆస్ట్రేలియాకి ఒకరు అని దేశదేశానికీ విడిగా ఒప్పందం చేసుకున్న మనిషి ఆయన. బ్రైటన్‌లో గెలిచాక అంతా నల్లేరు మీద నడక అనుకుంటాం. కాదు. ఆ వెంటనే బ్రిటన్‌లో "రింగ్ రింగ్" మళ్లీ విడుదల చేస్తే 32వ స్థానం దగ్గర ఆగిపోయింది. "సో లాంగ్" పట్టికలోకే ఎక్కలేదు. వీళ్లు ఒక్క హిట్టు పాటవాళ్లేనని పక్కన పెట్టేశారు. సొంత ఊళ్లో ఇంకా ఘోరం. పాటలో రాజకీయం ఉండాలనే వామపక్ష సంగీతకారులు వీళ్లవి వట్టి వ్యాపార పాటలని తిట్టిపోశారు. 1975లో యూరోవిజన్ పోటీ స్టాక్‌హోంలో జరిగితే దానికి వ్యతిరేకంగా వేరే ఉత్సవమే పెట్టారు. మరుసటి ఏడు స్వీడన్ పోటీకే వెళ్లలేదు.

గాలి మళ్లింది ఆస్ట్రేలియా నుంచి. లాసే హాల్‌స్ట్రోమ్ అనే దర్శకుడు తక్కువ ఖర్చుతో తీసిన పాటల ఫిల్ములు అక్కడి టీవీలో వేస్తే జనం "మామా మియా" కావాలని అడిగి మరీ రికార్డు విడుదల చేయించారు. 1976 జనవరిలో అదే పాట బ్రిటన్‌లో నంబర్ వన్. ఆ ఏడే "ఫెర్నాండో" ఆస్ట్రేలియాలో 14 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. 1977 ఏప్రిల్‌లో "డాన్సింగ్ క్వీన్" అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. అమెరికాలో వాళ్లకి దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ అది. ఇదంతా విని నాన్న చెవులకున్నవి తీసి, "మేం వ్యాన్ కట్టుకుని ఊరూరా తిరిగామమ్మా. వీళ్లు తిరగలేని చోటికి ఫిల్ము పంపారు" అన్నారు. అంత బాగా నేను చెప్పలేను.

ఇంకో గదిలో మిక్సింగ్ బల్ల ఉంది. వాళ్ల పాటలోని ట్రాకుల్ని మనమే పైకీ కిందికీ జరుపుకోవచ్చు. నాన్న అన్నీ దించేసి ఇద్దరమ్మాయిల గొంతులు మాత్రం ఉంచారు. అగ్నెతా, ఫ్రీడా. వినగానే మా ఇద్దరికీ ఒళ్లు జలదరించింది. ఒకరిది సన్నగా పైకి, ఒకరిది నిండుగా కింద, రెండూ కలిసినచోట మూడో గొంతేదో ఉన్నట్టుంటుంది. వాళ్ల సౌండ్ ఇంజనీర్ మైఖేల్ ట్రెటోవ్ ఒకే ముక్కని రెండుసార్లు రికార్డు చేసి, రెండోసారి టేపు వేగం రవ్వంత మార్చేవాడట. శ్రుతిలో వెంట్రుకవాసి తేడాతో ఆ రెండూ ఒకదానిమీద ఒకటి పడితే పాట అంత మందంగా వినిపిస్తుంది. ఇన్నేళ్లూ ఆ క్యాసెట్ విని "ఇంతమంది ఎవరమ్మా వాయిస్తున్నది" అనుకున్న మనిషికి ఆరోజు జవాబు దొరికింది.

ఒక పియానో కూడా ఉంది. బెన్నీ తన పియానో వాయిస్తే ఇక్కడ ఈ పియానో మెట్లు వాటంతటవే కదులుతాయట. బెన్నీకి కూడా ఆరేళ్లప్పుడు చేతికిచ్చింది అకార్డియనే. తండ్రీ తాతా ఇచ్చారు. నాన్న ఆ పియానో పక్కన ఇరవై నిమిషాలు నిలబడ్డారు. మెట్లు కదల్లేదు. సిబ్బందిలో ఒకాయన ఏమీ అడక్కుండానే కుర్చీ తెచ్చి వేశాడు. మర్యాద విషయంలో ఈ యాత్ర మొత్తానికీ నేను మొదటి మార్కులు వేసేది ఆయనకే.

మ్యూజియం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో స్కాన్సెన్ ఉంది. స్వీడన్ పాత ఇళ్లన్నీ తెచ్చి కొండమీద పెట్టిన ఆరుబయలు మ్యూజియం, 1891 నాటిది. 1981లో వచ్చిన "ది విజిటర్స్" ఆల్బం అట్టమీద నలుగురూ ఎడమొహం పెడమొహంగా ఉంటారే, ఆ ఫొటో ఇక్కడే, యూలియస్ క్రోన్‌బెర్గ్ అనే చిత్రకారుడి స్టూడియోలో తీశారు. అప్పటికి రెండు జంటలూ విడిపోయాయి. సగం రోజు ఉంచుకోండి, మంచి చెప్పులు వేసుకోండి, కొండ ఎక్కాలి.

వాళ్లు పాటలు రికార్డు చేసిన పోలార్ స్టూడియో చూడాలంటే సాంక్ట్ ఎరిక్స్‌గాటాన్‌కి వెళ్లాలి. 1978లో తెరిచారు, 2004లో మూసేశారు. ఇప్పుడు బయట గోడ తప్ప చూడ్డానికేం లేదు. మారియాటోర్గెట్ పార్కు ఎదురుగా బెన్నీ భాగస్వామిగా 2003లో మళ్లీ తెరిచిన రివాల్ హోటల్ ఉంది. గది అద్దె మా తాహతుకి మించింది. కింద కాఫీ, దాల్చినచెక్క బన్ను తీసుకుని గంట కూర్చున్నాం, ఎవరూ లేవమనలేదు.

తిండికి కష్టపడలేదు. పదకొండు నుంచి రెండు దాకా చాలా హోటళ్లలో రోజువారీ లంచ్ ఉంటుంది. సలాడ్, బ్రెడ్, కాఫీ అన్నీ కలిపి ఒకే ధర, శాకాహారం ఒకటైనా దొరుకుతుంది. రాత్రికి అదే భోజనం చాలా ఎక్కువ పడుతుంది, అందుకే వండుకున్నాం. సూపర్‌మార్కెట్‌లో పప్పుకోసం వెతుకుతుంటే నాన్న ఒక గాజుసీసా పట్టుకొచ్చారు. లోపల ఊరబెట్టిన చేపముక్కలు, పైన పెద్దక్షరాల్లో అబ్బా. ఆ చేపల కంపెనీ వీళ్లకంటే పాతది. పేరు వాడుకుంటామని స్టిగ్ వాళ్లని అడిగి ఒప్పించుకున్నాడు. మేం శాకాహారులం. అయినా ఆ సీసా కొన్నాం, చేపలు మా తమ్ముడికిచ్చి సీసా కడిగి తెచ్చుకున్నాం.

చివరి రోజు దీవులు. స్ట్రోమ్‌కాయెన్ రేవులో గ్రిండా పడవ ఎక్కాం. అక్కడికి దగ్గర్లోనే విగ్‌సో అనే చిన్న దీవి. రెండు జంటలకీ వేసవి ఇళ్లు ఉండేవి. అక్కడ ఒక చిన్న గుడిసెలో పాత పియానో పెట్టుకుని బ్యోర్న్, బెన్నీ వరసలు కట్టేవారు. ఆ గుడిసె నమూనా మ్యూజియంలో ఉంది, కాబట్టి దీవిలో దిగి ఇళ్లముందు తిరగొద్దు. అవి ఇప్పుడు ఎవరెవరివో కాపురాలు. పడవ మీంచి చూస్తే చాలు. నల్లటి రాళ్లు, పైన్ చెట్లు, ఎర్రరంగు చెక్క ఇళ్లు, నీళ్లలోకి వంగిన చెక్క మెట్లు. ఒక రేవులో పెద్దావిడ ఒకరు చేతిలో కూరగాయల సంచితో నిలబడి, స్తంభానికున్న తెల్లటి పలకని తాడుతో పైకి లాగింది. అది చూసి అంత పెద్ద పడవ ఆవిడ ఒక్కరికోసం పక్కకి తిరిగి ఆగింది. నాన్న చాలాసేపు ఆ పలకవైపే చూశారు. కడ్డీమీద వేళ్లు కదులుతూనే ఉన్నాయి, ఏ పాటో నేను అడగలేదు.

టికెట్ పడవలోనే కార్డుతో కొనొచ్చు. గ్రిండాలో దిగగానే తిరుగు పడవల వేళలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, సాయంత్రం అయ్యేకొద్దీ పడవలు తగ్గుతాయి. స్వెటర్ తప్పనిసరి, జూన్ అయినా సరే.